సీజన్ నాలుగు నెలలే, అందులోనూ డబుల్ బుకింగులు. ఆన్‌లైన్ బుకింగులు మీరంతా ఎలా నడుపుతున్నారు?

గదులగోల
మాది ఎనిమిది గదుల లాడ్జి. ఏడాదిలో నాలుగు నెలలు తెరుస్తాం, మిగతా కాలమంతా తాళమే. రెండు బుకింగ్ సైట్లలో ఉన్నాం, సొంత వెబ్‌సైట్ ఒకటుంది, పాతవాళ్లు నేరుగా ఫోన్ చేస్తారు. సైట్ల క్యాలెండర్లన్నీ ఐకాల్ లింకులతో ఒకదానికొకటి కలిపి ఉన్నాయి. అయినా మొన్న శనివారం ఒకే గదికి రెండు కుటుంబాలు సామాన్లతో సహా దిగాయి. ఇద్దరి చేతిలోనూ కన్ఫర్మేషన్ ఉంది, ఇద్దరూ డబ్బు కట్టారు. ఒక కుటుంబానికి వేరే చోట గది దొరికేసరికి బాగా రాత్రయింది, అప్పటికే వాళ్ల పాప మా రిసెప్షన్ సోఫాలో నిద్రపోయింది. సైటువాళ్లని అడిగితే సింక్ బాగానే పనిచేస్తోంది అంటున్నారు.

సీజన్ ఇంకా సగం ఉంది. ఇప్పటికిప్పుడు ఏం మార్చాలి, తాళం వేశాక తీరిగ్గా ఏం మార్చాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి. "మంచి సాఫ్ట్‌వేర్ కొనుక్కో" అని ఒక్క ముక్కలో తేల్చకండి.

కోడ్‌కోటి
సింక్ బాగానే పనిచేస్తోందన్నది నిజమే అయ్యుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఐకాల్ లింక్ అంటే ఒక సైట్ తన క్యాలెండర్‌ని ఒక ఫైల్‌గా బయట పెడుతుంది, రెండో సైట్ తనకు వీలైనప్పుడు వచ్చి చదువుకుని పోతుంది. బుకింగ్ పడగానే ఎవరూ ఎవరికీ కబురు పెట్టరు. రెండో సైట్ వచ్చి చూసేది కొన్ని గంటలకోసారి. ఈలోపు ఆ గది అక్కడ ఖాళీగానే కనపడుతుంది. మామూలు రోజుల్లో ఆ సందులో ఎవరూ దూరరు. సీజన్లో వారాంతానికి ఒకే గది మిగిలినప్పుడు దూరతారు.

అసలు ఆ ఫార్మాట్‌ని లాడ్జిల కోసం చేయలేదు. మనుషులు ఒకరికొకరు మీటింగులు పంపుకోవడానికి 1998లో వచ్చిన ప్రమాణం, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా తిరగరాశారు. సైట్లు దాన్ని వాడేది "ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా ఖాళీ లేదు" అని చెప్పుకోవడానికే. రేటు, కనీసం ఎన్ని రాత్రులు ఉండాలి, ఇంకా ఎన్ని గదులు మిగిలాయి, ఇవేవీ దాని గుండా వెళ్లవు.

చెకిన్_చిట్టి
ఎక్కువ సైట్లలో "ఇప్పుడే రిఫ్రెష్ చెయ్యి" లాంటి బటన్ ఉంటుంది చూడండి. బుకింగ్ మెయిల్ రాగానే నేను రెండో సైట్‌కి వెళ్లి అది నొక్కేస్తా. పగలంతా ఇబ్బంది లేదు.

తాళంచెవి
@చెకిన్_చిట్టి రాత్రి ఒంటిగంటకి మంచం మీద పడుకుని ఫోన్లో బుక్ చేసేవాళ్లే ఎక్కువ మా దగ్గర. మనం పడుకున్నాకే వాళ్లకి సెలవులు గుర్తొస్తాయి.

పాతకాపు
నాలుగు దారులు పెట్టుకుని నాలుగింటికీ కాపలా కాయడం ఎందుకండీ? చాలా ఏళ్లుగా ఒక సైట్, ఒక ఫోన్, ఒక రిజిస్టర్‌తో నడుపుతున్నాను. ఫోన్లో ఎవరైనా అడిగితే ముందు సైట్లో ఆ తేదీ మూసేస్తాను, ఆ తర్వాతే "సరే" అంటాను. ఆ వరుస తప్పకుండా ఉంటే ఒక గది ఇద్దరికి పోదు.

లంగరు
@పాతకాపు మీకు ఏటా వచ్చేవాళ్లున్నారు కాబట్టి నడుస్తుంది. కొత్తగా తెరిచినవాళ్ల పేరు ఎవరికి తెలుసు? మా బుకింగుల్లో సగానికి పైగా సైట్ల నుంచే. ఒక సైట్ చూసేవాళ్లు రెండోదాన్ని చూడరు. నాలుగు నెలల సంపాదనతో ఏడాది గడవాలంటే దారులు మూసుకోవడం కుదరదు.

పాతకాపు
దారులు మూయమనడం లేదు బాబూ. ఏది అసలు లెక్కో ఒక్కటి ఉండాలంటున్నా. రిజిస్టరైనా సరే, కంప్యూటరైనా సరే. గదులగోల గారికి ఇప్పుడు నాలుగు లెక్కలున్నాయి, నాలుగూ తామే నిజమంటున్నాయి.

గదులగోల
అది మాత్రం ఒప్పుకోవాలి. మా ఫోన్ బుకింగులు ఒక పుస్తకంలో ఉంటాయి, వెబ్‌సైట్‌వి మెయిల్లో ఉంటాయి. ఎవరైనా అడిగితే నాలుగు చోట్లా చూసి చెప్పాల్సొస్తోంది. మరి ఈ వారాంతానికి ఏం చేయను?

పాతకాపు
ఈ వారాంతానికి గదులు పంచేయండి. ఒకటి నుంచి మూడు దాకా మొదటి సైట్‌కే. నాలుగు, ఐదు రెండోదానికే. మిగతా మూడూ ఫోన్‌కీ మీ వెబ్‌సైట్‌కీ. ఒక గది ఒక్క చోటే కనపడితే సింక్ పని ఏముంది? ట్రావెల్ ఏజెంట్లకి కోటా ఇచ్చే రోజుల నుంచీ ఉన్న పద్ధతే. వెబ్‌సైట్‌కీ ఫోన్‌కీ కలిపి ఇచ్చిన మూడింటి మీద మాత్రం కన్నుండాలి, అవి ఒకే మనిషి చూసుకోవాలి.

లంగరు
దీనికి నష్టం ఉంది. మొదటి సైట్లో మూడూ అయిపోయి జనం వెనక్కి పోతుంటారు, రెండోదాంట్లో రెండు గదులూ ఖాళీగా చూస్తుంటాయి.

పాతకాపు
అప్పుడు ఒకటి ఇటు తిప్పాలి. ముందు అక్కడ మూసి, పేజీ తెరిచి మూసుకుందో లేదో కళ్లారా చూసి, తర్వాత ఇక్కడ తెరవాలి. రోజుకి రెండుసార్లు పది నిమిషాల పని.

కోడ్‌కోటి
సీజన్ మధ్యలో అయితే పాతకాపు గారి మాటే నాదీ. ఇప్పుడు చానెల్ మేనేజర్, అంటే అన్ని సైట్ల ఖాళీలనూ రేట్లనూ ఒకే చోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టొద్దు. అందరూ "పెట్టేయ్" అంటారు, మొదటిరోజు ఏమవుతుందో చెప్పరు. దాన్ని సైట్లకి కలపగానే తన దగ్గరున్న ఖాళీల లెక్కని అన్నిటికీ తోసేస్తుంది. మీ పాత బుకింగులు అందులోకి ఎక్కించకముందే కలిపితే, నిండిపోయిన తేదీలు కూడా అన్ని సైట్లలో ఖాళీగా తెరుచుకుంటాయి. రేట్లూ అంతే, దాంట్లో ఉన్నవి వెళ్లి సైట్లో ఉన్నవాటి మీద కూర్చుంటాయి. ఇవన్నీ తాళం వేశాక చేసుకునే పనులు.

రెండోసీజన్
చానెల్ మేనేజర్‌కీ ఐకాల్‌కీ తేడా ఏంటి మరి? రెండూ సింకే కదా?

కోడ్‌కోటి
@రెండోసీజన్ ఐకాల్లో రెండో సైట్ వచ్చి చూసుకోవాలి. చానెల్ మేనేజర్‌కి సైట్లతో నేరుగా ఏపీఐ కనెక్షన్ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో నేరుగా మాట్లాడుకునే దారి) ఉంటుంది, ఒక చోట గది పోగానే మిగతా అన్నిచోట్లా అదే వెళ్లి ఒకటి తగ్గిస్తుంది. చాలావరకు సెకన్లలో, ఒక్కోసారి నిమిషాల్లో. రేట్లు, కనీస రాత్రులు, "ఈ రోజు చెకిన్ లేదు" లాంటి నియమాలు కూడా వెళ్తాయి. గదుల సంఖ్య కూడా వెళ్తుంది, అది అన్నిటికన్నా ముఖ్యం.

లెక్కలమాస్టారు
ఆ సంఖ్య సంగతి దగ్గర కొంచెం ఆగుదాం. గదుల్ని నంబరు పెట్టి అమ్మితే ఏం పోతుందో చాలామంది గమనించరు.

రెండే గదులనుకోండి, రెండూ ఒకేలాంటివి. ఒకటో గదిలో సోమ, మంగళ రాత్రులకి బుకింగ్ ఉంది. రెండో గదిలో గురు, శుక్ర రాత్రులకి ఉంది. ఇప్పుడొకరు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రాత్రులూ కావాలన్నారు. ఒకటో గది మొదట్లో లేదు, రెండోది చివర్లో లేదు. సైట్ "ఖాళీ లేదు" అంటుంది. కానీ ఏ రాత్రి చూసినా నిండింది ఒక్క గదే! గురు, శుక్ర బుకింగ్‌ని ఒకటో గదిలోకి జరిపితే రెండో గది వారమంతా ఖాళీ.

అందుకే ఒకేలాంటి గదులన్నిటినీ "డబుల్ రూమ్, 6 ఉన్నాయి" అని రకంగా అమ్మాలి. గది నంబరు చెకిన్‌కి ముందురోజు వేసుకోవాలి. ఏ రాత్రి చూసినా బుకింగులు గదుల సంఖ్యను దాటకపోతే చాలు, ఎవరినీ మధ్యలో గది మార్పించకుండా అందరినీ సర్దగలం. ఇది నా నమ్మకం కాదు, ఇంటర్వెల్ గ్రాఫుల (ఒకదానిమీదొకటి పడే కాలవ్యవధుల) లెక్కల్లో నిరూపించిన సంగతి. సర్దే పద్ధతి కూడా తేలికే: చెకిన్ తేదీల వరుసలో పెట్టి, ఒక్కొక్కరికీ ఆ రోజుకి ఖాళీ అయిన ఏదో ఒక గది ఇచ్చుకుంటూ పోవడమే.

తాళంచెవి
ఇప్పటికే దిగి ఉన్నవాళ్లని కదపలేం కదా సార్?

లెక్కలమాస్టారు
@తాళంచెవి కదపక్కర్లేదు. వాళ్లు ముందొచ్చారు, వరుసలో ముందే ఉన్నారు. రాబోయేవాళ్ల నంబర్లు ముందే గట్టిగా వేసేయకుండా ఉంటే చాలు.

మేడమీదగది
లెక్క బాగుంది కానీ మనుషులు లెక్కలా ఉండరండీ. మా మేడమీద గదికి బయటికి చూసే పెద్ద కిటికీ ఉంది. పోయినేడు ఆ గదిలో ఉన్నవాళ్లు ఈ ఏడూ అదే కావాలంటారు. "డబుల్ రూమ్ ఏదో ఒకటి" అంటే ఫోన్ పెట్టేస్తారు.

లెక్కలమాస్టారు
ఆ గదిని విడిగా ఒక రకంగా పెట్టి అమ్మండి, వేరే రేటుకి. అయితే గుంపులోంచి గది తీసిన ప్రతిసారీ మిగతావాటిని సర్దే వీలు కొంత తగ్గుతుంది. నిజంగా తేడా ఉన్నదాన్నే విడదీయాలి, కర్టెన్ రంగు తేడాకి కాదు.

చెకిన్_చిట్టి
ఐకాల్లో సంఖ్య వెళ్లదన్నారు కదా కోటి గారు. అంటే ఐకాల్ మీద ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతి కుదరదా?

కోడ్‌కోటి
సైట్ల మధ్య కుదరదు. ఒక సైట్ లోపల మాత్రం ఆ సైట్ గదుల్ని రకంగా లెక్కేసేదైతే కుదురుతుంది. గదులగోల గారు మొదటి సైట్‌కి ఇచ్చే మూడు గదులూ ఒకేలాంటివైతే మూడింటినీ ఒక రకం కింద పెట్టొచ్చు.

ఇంకోటి. @గదులగోల సైట్లన్నీ ఒకదానికొకటి అటూ ఇటూ కలిపి ఉన్నాయన్నారు. దెయ్యం బ్లాకులు ఏమైనా కనపడ్డాయా? అంటే బుకింగ్ క్యాన్సిల్ అయినా తేదీ తెరుచుకోకపోవడం?

గదులగోల
ఉన్నాయి! వచ్చే నెలలో రెండు తేదీలు అలాగే బిగుసుకుపోయాయి. రెండు సైట్లలోనూ బుకింగ్ లేదు, రెండూ "అవతలి క్యాలెండర్‌లో ఉంది" అంటున్నాయి.

కోడ్‌కోటి
అదే. మొదటి సైట్లో బుకింగ్ పడింది, రెండోది దాన్ని చదివి మూసుకుంది. ఆ మూసిన సంగతిని రెండోది తన ఫైల్లో మళ్లీ బయట పెట్టింది, మొదటిది దాన్ని కూడా చదువుకుంది. అసలు బుకింగ్ క్యాన్సిలయ్యాక కూడా ఇద్దరూ ఒకరినొకరు చూసి మూసుకునే ఉంటారు. బయటినుంచి వచ్చిన బ్లాకుల్ని తిరిగి బయటికి పంపని సైట్లలో ఈ బెడద ఉండదు, అన్నీ అలా ఉండవు. ఒక వైపు లింక్ తీసేసి, తేదీలు తెరుచుకున్నాక మళ్లీ పెట్టండి. పాతకాపు గారు చెప్పినట్టు గదులు పంచేస్తే లింకులే అక్కర్లేదు.

అలాగే ఆ ఫైల్‌ని ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ప్రతి బుకింగ్‌కీ మొదలు తేదీ, ముగింపు తేదీ కనపడతాయి. 10న దిగి 13న ఖాళీ చేసేవాళ్లకి ముగింపు 13 అని ఉండాలి. ప్రమాణం ప్రకారం ముగింపు తేదీ లెక్కలోకి రాదు, అంటే 13 రాత్రి గది ఖాళీయే. దీన్ని తప్పుగా చదివే, రాసే ప్లగిన్లు (వెబ్‌సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. 13 రాత్రిని కూడా మూసేస్తే మీకు ఒక రాత్రి డబ్బు పోతుంది, ముగింపు 12 అని రాస్తే ఒక రాత్రి రెండుసార్లు అమ్ముడుపోతుంది. సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

వానచినుకు
ఇప్పుడే తెరిచి చూశా. మా ప్లగిన్ సరిగ్గానే రాస్తోంది, గండం గడిచింది.

తాళంచెవి
డబుల్ బుకింగ్ పడ్డాక ఎవరిని పంపాలో కూడా మాట్లాడుకోవాలి. మా దగ్గర నియమం ఇది: దారిలో ఉన్నవాళ్లకి ముందే ఫోన్, తలుపు దగ్గరికి వచ్చాక కాదు. ఒక్క రాత్రికి వచ్చేవాళ్లని అడుగుతాం, వారం ఉండేవాళ్లని కాదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాన్ని కదపం. రేటులో తేడా, అక్కడికి వెళ్లే ఖర్చు మాదే. చుట్టుపక్కల రెండు చోట్ల సీజన్ మొదట్లోనే మాట్లాడి పెట్టుకుంటాం, వాళ్లకి అవసరమైతే మేం తీసుకుంటాం. పోటీవాళ్లే, అయినా ఆ రాత్రికి వాళ్లే దిక్కు.

గదులగోల
@తాళంచెవి ముందే మాట్లాడి పెట్టుకోవడం బాగుంది. రేపే వెళ్తా.

వానచినుకు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు డబుల్ బుకింగ్ కన్నా పెద్ద తలనొప్పి చివరి నిమిషం క్యాన్సిళ్లు. ఉచితంగా క్యాన్సిల్ చేసుకోవచ్చంటే మూడు చోట్ల బుక్ చేసి, రెండు వదిలేస్తారు. వదిలేది వారం ముందు, అప్పుడు ఆ గది మళ్లీ ఎవరికి అమ్మేది?

లంగరు
రెండు రేట్లు పెట్టండి. క్యాన్సిల్ చేసుకునే వీలున్నది కొంచెం ఎక్కువకి, రీఫండ్ లేనిది కొంచెం తక్కువకి. రద్దీ వారాలకి ఉచిత క్యాన్సిల్ గడువు ఇంకా ముందే ముగిసేలా పెట్టండి. మీకు ఆ గదిని మళ్లీ అమ్ముకోవడానికి ఎన్ని రోజులు పడుతుందో మీ పాత బుకింగుల తేదీలు చూస్తే తెలిసిపోతుంది. జనం నెల ముందు బుక్ చేసే వారానికి మూడు రోజుల గడువు ఇస్తే దండగ.

పాతకాపు
రీఫండ్ లేని రేటు రద్దీ వారాలకి సరే. ఇంట్లో ఎవరికో బాగోలేక రాలేకపోయినవాళ్ల డబ్బు పట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. వచ్చే సీజన్‌కి తేదీ మార్చి ఇస్తాను. వాళ్లు వస్తారు, ఇంకో ఇద్దరిని తీసుకొస్తారు.

లంగరు
అది నేనూ చేస్తా. అయితే నియమం రాసి ఉండాలి, సడలింపు మన చేతిలో ఉండాలి. నియమమే లేకపోతే అడిగిన ప్రతివాళ్లకీ కొత్త నియమం.

మేడమీదగది
నేరుగా కార్డు తీసుకునేవాళ్లకి రెండు మాటలు. కార్డు వెనకున్న మూడంకెల కోడ్‌ని ఎక్కడా రాసి పెట్టుకోకండి, పుస్తకంలోనూ వద్దు, వాట్సాప్‌లోనూ వద్దు. పేమెంట్ ఆమోదం అయ్యాక దాన్ని ఉంచుకోకూడదని కార్డు భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ నియమం. పేమెంట్ లింక్ పంపితే ఆ బాధే లేదు. రెండోది చార్జ్‌బ్యాక్, అంటే కస్టమర్ తన బ్యాంకుకి ఫిర్యాదు చేసి కట్టిన డబ్బు వెనక్కి తీసుకోవడం. చెప్పిన సర్వీస్ అందలేదన్న ఫిర్యాదుకి వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో మామూలుగా 120 రోజుల దాకా గడువుంటుంది, అదీ బస చేయాల్సిన తేదీ నుంచి. అంటే సీజన్ చివర్లో ఉన్నవాళ్ల ఫిర్యాదు మనం తాళం వేసి వెళ్లిపోయాక రావచ్చు. మనం జవాబిచ్చే గడువు మాత్రం చిన్నది. ఆఫ్‌సీజన్లో కూడా ఆ మెయిల్ ఎవరో ఒకరు చూడాలి. చెకిన్ సంతకం, రద్దు నియమం చూపించిన పేజీ అన్నీ దాచి ఉంచాలి.

రెండోసీజన్
ఇది ఎవరూ చెప్పలేదు నాకు! చార్జ్‌బ్యాక్ అంటే బస చేసిన వారంలోపే అనుకున్నా.

చెకిన్_చిట్టి
మెయిల్ అంటే గుర్తొచ్చింది. మా దగ్గర ఉండబోయే ఒకావిడకి "మీ బుకింగ్ రద్దవుతుంది, ఈ లింక్‌లో కార్డు మళ్లీ ధ్రువీకరించండి" అని మెసేజ్ వచ్చింది. మా పేరుతోనే, సరైన తేదీలతో. ఆవిడ అనుమానం వచ్చి ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది. ఇలాంటివి లాడ్జి లాగిన్ దొంగిలించి పంపుతారట. అప్పటినుంచి అందరికీ విడివిడి లాగిన్, రెండంచెల ధ్రువీకరణ పెట్టాం. సీజన్ అయ్యాక వెళ్లిపోయిన సిబ్బంది లాగిన్లు ఆ రోజే తీసేస్తాం. కన్ఫర్మేషన్ మెయిల్లోనే "మేం లింక్ పంపి కార్డు వివరాలు మళ్లీ అడగం" అని రాస్తున్నాం.

తాళంచెవి
ఒకే పాస్‌వర్డ్ గోడకి అంటించి పెట్టిన రిసెప్షన్లు నేనెన్ని చూశానో.

వానచినుకు
కమిషన్ గొడవ వేరే. సొంత వెబ్‌సైట్లో రేటు తగ్గించి పెట్టొచ్చా? సైట్ వాళ్లు ఊరుకుంటారా?

లంగరు
మీ ఒప్పందంలో రేట్ పారిటీ షరతు, అంటే సైట్లో కన్నా తక్కువకి వేరేచోట అమ్మకూడదన్నది, ఉందో లేదో చదవండి. ఐరోపాలో డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద 2024లో బుకింగ్.కామ్‌ని గేట్‌కీపర్‌గా (ప్రత్యేక నియమాలు వర్తించే పెద్ద వేదికగా) ప్రకటించాక అక్కడ దాని ఒప్పందాల్లో ఆ షరతు పోయింది. మిగతాచోట్ల ఒప్పందమే చూడాలి. షరతు ఉన్నా ఫోన్లో అడిగినవాళ్లకి ఆలస్యంగా చెకౌట్, మంచి గది లాంటివి ఇవ్వొచ్చు. ఇంకోటి, గూగుల్ 2021 మార్చి నుంచి హోటల్ బుకింగ్ లింకులు ఉచితంగా చూపిస్తోంది. మీ వెబ్‌సైట్లో బుకింగులు తీసుకునే సాఫ్ట్‌వేర్ (బుకింగ్ ఇంజన్) దానికి కలిసేదైతే పెట్టుకోండి, డబ్బు కట్టక్కర్లేదు.

రెండోసీజన్
సీజన్ అంచుల సంగతి అడగాలి. పోయినేడు మేం మూసేసిన నెలకి బుకింగ్ వచ్చింది. ఆ తేదీలు ఎవరూ తెరవలేదు!

కోడ్‌కోటి
తెరవక్కర్లేదు. చాలా సైట్లలో క్యాలెండర్ దానంతటదే ముందుకి జరుగుతుంది. "వచ్చే 12 నెలలు" అని సెట్టింగ్ ఉంటే రోజూ చివర ఒక కొత్త రోజు తెరుచుకుంటుంది. లాడ్జి మూసే తేదీ తర్వాతంతా స్టాప్ సెల్ (అమ్మకం ఆపే సెట్టింగ్) పెట్టాలి, లేదా సెట్టింగే మార్చాలి. లిస్టింగ్‌ని పూర్తిగా తీసేయకండి, రివ్యూలు పోయే ప్రమాదం ఉంది. కొన్ని సైట్లలో కొంతకాలం కనపడకుండా ఆపే వీలుంటుంది, అది వాడండి.

మేడమీదగది
వచ్చే సీజన్ తేదీలు మాత్రం ఈ సీజన్ మూయకముందే తెరవాలి. బ్యాగులు సర్దుకునేటప్పుడే "మళ్లీ ఏడాది ఇదే వారం" అంటారు, అప్పుడు రాసుకోకపోతే మర్చిపోతారు. రేటు ఖరారు కాకపోతే కొంచెం ఎక్కువకే తెరవండి, తగ్గించడం తేలిక. పోయినేడు రేట్లని తేదీకి తేదీ కాపీ చేయొద్దు. అదే తేదీ మరుసటి ఏడాది వారంలో ఒక రోజు ముందుకి జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు. శనివారం రేటు పోయి ఆదివారం మీద పడుతుంది.

లెక్కలమాస్టారు
కనీస రాత్రుల నియమం కూడా అంచుల్లో సడలించాలి. రద్దీ వారాల్లో మూడు రాత్రులు సరే. రెండు బుకింగుల మధ్య రెండు రాత్రుల సందు మిగిలితే, ఆ నియమం వల్ల దాన్ని ఎవరూ కొనలేరు. వారానికోసారి క్యాలెండర్ మీద కళ్లు పెట్టి అలాంటి సందులకి నియమం తగ్గించాలి. చానెల్ మేనేజర్లు కొన్ని అదే పని వాటంతటవే చేస్తాయి.

గదులగోల
నిన్న రాత్రి కూర్చుని గదులు పంచేశాం. మొదటి సైట్‌కి మూడు, రెండోదానికి రెండు, మిగతావి మాకు. ఐకాల్ లింకులన్నీ తీసేశాం, ఆ బిగుసుకున్న రెండు తేదీలూ తెరుచుకున్నాయి, ఒకటి సాయంత్రానికే పోయింది. పుస్తకంలోని ఫోన్ బుకింగులూ మెయిల్లో ఉన్నవీ అన్నీ ఒకే షీట్‌లోకి ఎక్కించాం, అదే ఇక అసలు లెక్క. నేనూ మా తమ్ముడూ తప్ప ఎవరూ అందులో రాయరు.

తాళం వేశాక చానెల్ మేనేజర్ పెడదామని నిర్ణయం. కలిపేముందు ఏం పరీక్షించాలి?

కోడ్‌కోటి
రాబోయే బుకింగులన్నీ ముందు దాంట్లోకి చేత్తో ఎక్కించండి, పక్కన ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొట్టాలి. గది రకాలు ప్రతి సైట్లో దేనికి దేన్ని కలుపుతున్నారో రెండుసార్లు చూడండి, డబుల్ రూమ్ వెళ్లి ఫ్యామిలీ రూమ్‌కి అతుక్కుంటే అంతా తారుమారు. తర్వాత దూరంగా ఉన్న ఒక తేదీ తీసుకుని దాంట్లో మూయండి, అన్ని సైట్లలో కస్టమర్‌లా వెతికి చూడండి. తెరవండి, మళ్లీ చూడండి. ఒక సైట్లో మీరే బుక్ చేసి క్యాన్సిల్ చేయండి, గది తిరిగి అన్నిచోట్లా వచ్చిందో లేదో చూడండి. బుకింగ్ తేదీలు మార్చి కూడా చూడండి, తేడాలు ఎక్కువగా బయటపడేది అక్కడే.

పాతకాపు
క్యాన్సిల్ చేసే ముందు ఉచిత క్యాన్సిల్ రేటుకే బుక్ చేశారో లేదో చూసుకోండి బాబూ.

గదులగోల
చూసుకుంటా పెద్దాయనా. ఇప్పుడే పక్క లాడ్జివాళ్లతో మాట్లాడి వచ్చాను, ఈ శనివారానికి వాళ్ల దగ్గర ఒక గది పదింటిదాకా ఆపి ఉంచుతామన్నారు.